పదకొండో కిటికీ

మార్చి 3, మంగళవారం

ఇవాళ సర్వే అమ్మాయి వచ్చింది. నగరం నడిబొడ్డున ఉండేవాళ్ళ అభిప్రాయాలు కావాలట. వీధిలో భయం లేకుండా తిరగగలుగుతున్నారా, అద్దెకి ఇల్లు దొరుకుతోందా, దొరికినా కట్టగలుగుతున్నారా. ఇన్నేళ్ళూ ఎవడికీ పట్టని మా అభిప్రాయం ఇప్పుడెందుకు కావాల్సొచ్చిందని అడిగాను. "నాకు తెలీదండీ, నన్ను పంపించారు" అంది. ఆ అమ్మాయి చెప్పు తెగితే దారం చుట్టి వేసుకుంది. ఇంకేం తిడతాను.

మా బిల్డింగులో ముప్ఫై రెండు ఇళ్ళు, ముప్ఫై రెండు ఫారాలు. కట్టంతా నా చేతిలో పెట్టింది. "ఎవరినడిగినా మీరు రాస్తారనే చెప్తున్నారు. గురువారానికి రాయించి ఉంచండి, శుక్రవారం వచ్చి తీసుకుంటాను."

రాస్తాను. ఏడో తరగతితో బడి మానేసి, పనిలో నేను బిగించే అద్దాల పెట్టెల మీద అంటించిన కాగితాలూ బస్టాపులో పారేసిన పేపర్లూ చదివి నేర్చుకున్న రాత ఇది. ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

పోయిన నెల మూడో అంతస్తు ఆయాని తెల్లవారుజామున బస్టాపు దగ్గర ఎవడో బ్యాగు పట్టి లాగేశాడు. కింద పడి మోచెయ్యి విరిగింది. పోలీసులు వచ్చి, చూసి, టీ తాగి వెళ్ళారు. ఆవిడ ఇంకా పనికి వెళ్ళలేదు. ఈ ఫారాలు చదివే ఒక్కొక్క ఆఫీసరు మొహం పగిలేలా రాస్తాను.

మార్చి 5, గురువారం

అయిపోయింది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా ముప్ఫై రెండూ రాసేశాను. పెన్ను మూడుసార్లు మార్చాను.

మెట్లు ప్రమాదకరం. వీధి దీపాలు లేవు. అద్దె భారం. ఇక్కడ ఉండటానికి భయంగా ఉంది. అన్ని ఫారాల్లో ఇదే. తొమ్మిదో ప్రశ్న: "ఆపద వస్తే ఈ వీధిలో మీకు తోడు ఎవరు?" దాని కింద నాలుగు గీతలు ఖాళీ వదిలారు. నాలుగు గీతలెందుకు. "ఎవరూ లేరు" అని రాశాను, ముప్ఫై రెండు సార్లు.

అందరూ వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళారు. మొదటి అంతస్తు మూల గదిలో ఉండే మీటరు తాతయ్య మాత్రం (ఒకప్పుడు కరెంటు మీటర్లు చూసేవాడు) కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు.

"ఏం రాశావురా?"

"ఉన్నదున్నట్టు."

"అయితే సరే" అని సంతకం గీకాడు.

అమ్మ కూడా సంతకం పెట్టింది. ఏం రాశానని అడగలేదు. చేతులు తడిగా ఉన్నాయి, ఫారం మీద వేలి గుర్తు పడింది.

మార్చి 6, శుక్రవారం

ఇచ్చేశాను.

మార్చి 13, శుక్రవారం

ఇవాళ పన్నెండో అంతస్తుకి చేరాం. మా వీధి చివర, బస్టాపు ఎదురుగా లేస్తున్న టవరు. బయటి గోడంతా అద్దమే. తాళ్ళకి వేలాడే తొట్టెలో నిలబడి బిగించాలి. మేం దాన్ని ఉయ్యాల అంటాం. క్రేను అద్దం పలకని పైకి పంపుతుంది, రబ్బరు కప్పులతో పట్టుకుని ఫ్రేములో కూర్చోబెడతాం, చుట్టూ సందుల్లో సిలికాన్ జిగురు వేస్తాం. పలక కూర్చున్న క్షణంలో ఆకాశం మొత్తం మన చేతుల్లోకి వచ్చి ఆగుతుంది. మూడేళ్ళుగా చేస్తున్నాను, ఇప్పటికీ ఆ క్షణంలో మాట రాదు. తిట్లు కూడా రావు. మేస్త్రీకి ఇది తెలుసు. "నీ నోరు మూయించాలంటే అద్దమన్నా ఎత్తాలి, నిద్రన్నా పోవాలి" అంటాడు.

ఈ టవరులో తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. అడిగితే, "ఏసీ ఉంటే కిటికీ ఎందుకురా" అన్నాడు మేస్త్రీ.

మార్చి 19, గురువారం

గేటుకి నోటీసు అంటించారు. చదివాను. మళ్ళీ చదివాను.

సర్వేలో నివాసులే స్వయంగా తెలిపిన అభిప్రాయాల మేరకు ఈ భవనం నివాసానికి తగదు. ఖాళీ చేయించి పడగొట్టి, ఆ స్థలం టవరు ముందు ఆవరణకి కలపాలని ప్రతిపాదన. నివాసులకి ఊరి చివర కొత్త కాలనీలో ఇళ్ళు. ముప్ఫై ఒకటిన నగర కౌన్సిల్ హాల్లో విచారణ, ఆ తర్వాత ఓటు.

ఊరి చివర నుంచి మొదటి బస్సు ఆరింటికి. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో ఐదింటికల్లా ఉండాలి. ఆలస్యమైతే ఆ పూటకి వేరేవాళ్ళని తీసుకుంటారు, మూడు పూటలైతే మనిషినే మార్చేస్తారు. మా బిల్డింగులో సగం మంది పనులు ఇలాంటివే.

నోటీసు వెనక నాలుగు పేజీలు జత చేశారు. అందులో ఒక ఫారం ఫోటో వేశారు, నమూనాగా. "ఎవరూ లేరు." నా "లే" తోక పొడుగ్గా లాగుతాను. ఎవరు చూసినా గుర్తుపడతారు.

మార్చి 20, శుక్రవారం

నేను రాసింది అబద్ధం కాదు.

మార్చి 21, శనివారం

కింది టైలరు మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. మెడలో టేపు అలాగే ఉంది.

"రావయ్యా, కలెక్టరు గారూ. మా ఇల్లు మేమే వద్దన్నామట కదా. నా పెళ్ళాం అడుగుతోంది, ఎప్పుడన్నానూ అని. ఏం చెప్పమంటావు?"

"మీరు సంతకం పెట్టలేదా?"

"పెట్టాను. నువ్వు చేతికి అందొచ్చిన పిల్లాడివని పెట్టాను. నా దగ్గరికి గుడ్డ తెచ్చినవాడిని కొలతలు తీసుకోకుండా కుడతానా నేను?"

"దీపాలున్నాయా వీధిలో? లేవు. మెట్లు బాగున్నాయా? లేవు. ఆయా చెయ్యి విరిగిందా లేదా?"

"విరిగింది. ఆవిడని అడిగావా?"

అడగలేదు. అడగలేదని చెప్పకుండా పక్కనుంచి తోసుకుని వచ్చేశాను. పైన అమ్మ అంతా వినే ఉంటుంది. అన్నం పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నేను రాసింది అబద్ధం కాదు. కావాలంటే ఎవరైనా వచ్చి దీపాలు చూసుకోవచ్చు.

మార్చి 24, మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్కటి కూడా కలపకూడదు.

ఈ వారం పెద్ద పలకలు. క్రేను రోడ్డుకి అడ్డంగా నిలబడాలి కాబట్టి బండ్లు లేని వేళ ఎత్తాలి, గాలి కూడా అప్పుడే తక్కువ. నాలుగింటికల్లా రమ్మన్నాడు మేస్త్రీ. మామూలుగా నేను లేచేది ఐదింటికి. అప్పటికి అమ్మ వెళ్ళిపోయి ఉంటుంది. ఆమె లేవడం, వెళ్ళడం నేను ఇంతవరకూ చూడలేదు. నా నిద్ర అలాంటిది.

మూడున్నరకి గేటు దాటుతుంటే పైనుంచి దగ్గు. మీటరు తాతయ్య కిటికీ.

"ఎవరది?"

"నేనే తాతా. పడుకో."

ముసలాయనకి నిద్ర పట్టదు కాబోలు అనుకున్నాను.

నాలుగున్నరకి పన్నెండో అంతస్తు దగ్గర వేలాడుతున్నాం. మొదటి పలక కూర్చుంది. రెండోది ఇంకా కిందే ఉంది. ఊరికే మా వీధివైపు చూశాను. వీధంతా చీకటి, నేను ఫారంలో రాసినట్టే. మా బిల్డింగులో ఒక్క కిటికీ వెలిగింది. తాతయ్యది. గేటులోంచి ఒక మనిషి వచ్చింది. ఎడమ కాలి మీద బరువేసి నడిచే నడక, అమ్మ. ఆమె వెనక ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు, కొంచెం కొంచెం ఎడంగా.

అమ్మ ఇస్త్రీ కొట్టు దాటగానే తాతయ్య కిటికీ పక్కది వెలిగింది. అది దాటితే ఎదురు వరసలో ఒకటి. ఆమె ముందుకి నడిచేకొద్దీ ముందున్న కిటికీ వెలుగుతోంది, చివరి మనిషి దాటాక వెనకది ఆరుతోంది. ఎవరూ పరిగెత్తడం లేదు. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. దాదాపు ప్రతి కిటికీలో ఒక తల. అంత ఎత్తు నుంచి మాటలు వినపడవు, కానీ ఒక్కో కిటికీ కింద అమ్మ తల కొంచెం పైకెత్తుతోంది. ఏదో చెబుతోంది.

లెక్కపెట్టాను. పది.

పదకొండోది, బస్టాపు పక్క ఇల్లు, వెలగలేదు. అక్కడికొచ్చేసరికి ఆరుగురూ ఆగి దగ్గరయ్యారు. ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నట్టుంది. పదో కిటికీలోని మనిషి నడుం దాకా బయటికి వంగింది. వాళ్ళు బస్టాపు దీపం కిందికి చేరేదాకా అలాగే వంగి ఉంది. పడిపోతుందేమోనని నేను ఇక్కడ ఉయ్యాల కమ్మీ పట్టుకున్నాను. మేం తాడు లేకుండా అలా వంగితే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు.

"ఏం చూస్తున్నావురా? పలక వస్తోంది, పట్టు."

పట్టాను. పట్టుకున్న అద్దంలో మా వీధి కుడి ఎడమలు మారి కనిపించింది. ఇరవై మూడేళ్ళు ఆ ఇంట్లో పడుకున్నాను నేను.

మార్చి 24, సాయంత్రం

అమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. పనిలో రోజంతా మడతపెట్టి ఇంటికొచ్చి మళ్ళీ అదే.

"ఆ కిటికీల సంగతి ఎప్పటి నుంచి?"

"ఏ కిటికీలు?"

"అమ్మా."

"నువ్వు పుట్టకముందు నుంచి. ఇప్పుడేమైంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది. నువ్వు అడిగావా? ఇటు పట్టుకో, చివర్లు లాగు."

లాగాను. ఎవరు మొదలుపెట్టారని అడిగాను. ఎవరో ఒకావిడ, చనిపోయింది, ఇప్పుడు ఆ గదిలో వేరేవాళ్ళున్నారు. మనిషి మారినా కిటికీ మారదట. గది ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు తాళంచెవి ఇచ్చేటప్పుడే కొత్తవాళ్ళకి చెప్పి వెళ్తారు: నాలుగున్నరకి ఈ కిటికీ నీది. లైటు వెయ్యాలి, ఎవరని అడగాలి, నేనే అంటే ఆర్పెయ్యాలి. జవాబు రాకపోతే కేకెయ్యాలి. ఒంట్లో బాగోకపోతే పక్కవాళ్ళకి చెప్పాలి. అంతే.

"మరి పదకొండోది?"

అమ్మ మడత ఆపింది. "ఆ ఇంటివాళ్ళని డిసెంబర్లో ఖాళీ చేయించారు కదా, నీ టవరు వాళ్ళు. ఎవరికి అప్పజెప్తారు? తాళం వేసుకుపోయారు. ఆయా చెయ్యి విరిగింది అక్కడే."

నా టవరు.

ముప్ఫై రెండు సార్లు రాశాను, ఎవరూ లేరని. ఆ నాలుగు గీతలూ చాలవు.

మార్చి 25, బుధవారం

సగం పూట సెలవు పెట్టి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తాతో గొడవ పెట్టుకోవాలనే వెళ్ళాను. ఆయన ఫైలు తీసి, చదివి, ఒక ఫారం నావైపు తిప్పాడు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే."

"అక్షరం బాగుంది. సరే విను. సంతకం పెట్టినవాళ్ళు మళ్ళీ ఇస్తేనే ఇది మారుతుంది. నువ్వే రాయొచ్చు. కానీ మాట వాళ్ళది కావాలి. ముప్ఫై రెండూ ఒకేలా ఉంటే మాత్రం చించి పారేస్తా. సోమవారం సాయంత్రం దాకా టైముంది."

తిట్టడానికి ఏమీ దొరక్క వచ్చేశాను.

మార్చి 28, శనివారం

మూడు రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నోరు మూసుకుని రాయడం ఇంత కష్టమని తెలీదు. వాళ్ళు ఒక మాట అంటుంటే నాకు నాలుగు మాటలు తోస్తాయి. పళ్ళు కొరుక్కుని వాళ్ళ ఒక్క మాటే రాస్తున్నాను.

ఆయా ఎడమ చేత్తో సంతకం పెట్టింది. తొమ్మిదో ప్రశ్నకి ఇలా చెప్పింది: "నేను పడ్డప్పుడు పది కిటికీల్లోంచి పదిమంది కిందికి దిగొచ్చారు. నువ్వు మాత్రం నిద్రపోతున్నావు. అది కూడా రాయి." రాశాను.

రెండో అంతస్తులో మంచం పట్టిన భార్యని చూసుకునే పెద్దాయన ముందే చెప్పేశాడు. "నాకు లిఫ్టున్న ఇల్లు కావాలి బాబూ. ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి దించాలంటే నలుగురు కావాలి. నేను వెళ్ళిపోతాను. ఇక్కడ బ్రహ్మాండంగా ఉందని నా పేరు మీద రాయకు." ఒకప్పుడైతే గొడవపడేవాణ్ణి. రాశాను. తోడు ఎవరని అడిగితే, "ఇంకెవరు, ఆ నలుగురే" అన్నాడు, విసుగ్గా.

టైలరు మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. ఆయన భార్య చెప్పింది.

"రోజూ ఐదున్నరకి నువ్వు గేటు తన్ని, దాన్ని చేసినవాణ్ణి తిట్టుకుంటూ పోతావు చూడు. అది వినపడ్డాకే మా పిల్లని ట్యూషన్‌కి పంపిస్తాను. నీ వెనకాలే వెళ్తుంది, టవరు దాకా. రెండేళ్ళుగా. నీకు తెలీదా?"

తెలీదు.

"రాయి మరి. గేటుని తిట్టేవాడు, అని రాయి."

టైలరు మిషన్ ఆపి నవ్వాడు. నేను రాయలేకపోయాను. పెన్ను తీసుకుని ఆయనే రాశాడు.

మార్చి 29, ఆదివారం

అమ్మది చివరికి ఉంచాను. తొమ్మిదో ప్రశ్న చదివి వినిపించాను. వేళ్ళు మడుస్తూ చెప్పింది. మొదట తాతయ్య. తర్వాత నర్సు. ఇస్త్రీ అతని అత్తగారు. ఎదురు వరసలో చెవిటాయన. ఆయనకి వినపడదు కాబట్టి చెయ్యి ఊపాలి.

తొమ్మిదో కిటికీ దగ్గర ఆగింది.

"అక్కడ ఎవరో తెలీదు. మొహం చూడలేదు. తెరలోంచి చెయ్యి ఒకటే కనిపిస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పన్నెండేళ్ళు. చెయ్యి అని రాయి."

చెయ్యి, అని రాశాను.

మార్చి 31, మంగళవారం

హాలు నిండిపోయింది. వేదిక మీద పన్నెండుగురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. టవరు కంపెనీ తరఫు మనిషి తెర మీద బొమ్మలు చూపించాడు. ఆవరణ, ఫౌంటెన్, రెండొందల దీపాలు, నలభై కెమెరాలు. బొమ్మల్లో మనుషులు కాఫీ కప్పులు పట్టుకుని నడుస్తున్నారు. అందరికీ భద్రత, అన్నాడు.

మావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పెద్దాయన లిఫ్టు అడిగాడు. పక్క వీధి కొట్టాయన లేచి, ఆవరణ వస్తే తన బేరం పెరుగుతుందని, పడగొట్టడమే మంచిదని అన్నాడు. ఆయన్ని నేను కొట్టలేదు. అమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి ఉంచింది.

అమ్మ పేరు పిలిచారు. మైకు ఆమె నోటికి అందలేదు, వంచలేదు. పక్కకి జరిపేసి మాట్లాడింది. నాకు తెలిసి ఆమె ఎప్పుడూ పదిమందిలో మాట్లాడలేదు. లాండ్రీలో యంత్రాల రొదలో మాట్లాడే గొంతది, చివరి వరస దాకా వెళ్ళింది.

కిటికీల గురించి చెప్పింది. వర్ణించలేదు. ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరి తర్వాత ఎవరో, అంతే చెప్పింది. ఒక సభ్యుడు ఫోను కింద పెట్టాడు.

అధ్యక్షురాలు అడిగింది, "కెమెరాలు పెడతామంటున్నారు కదమ్మా?"

"పెట్టండి. మంచిదే. కానీ కెమెరా చూస్తుంది, ఎవరని అడగదు కదండీ. చెయ్యి విరిగాక ఎవడు విరిచాడో చూపిస్తుంది. మాకు విరగకముందు కావాలి."

"ఇవన్నీ నిజమే అయితే, మొదటి ఫారాల్లో ఎవరూ లేరని ఎందుకు రాశారు?"

నేను లేవబోయాను. అమ్మ నావైపు చూడలేదు.

"రాసినవాడికి తెలీదండీ. నిద్రపోయేవాడు. ఇప్పుడు లేచాడు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుస్తున్నానని ఎవరికీ తెలీకుండా.

చివర్లో ఆమె ఒక్కటే అడిగింది. బిల్డింగు గురించి కాదు. "బస్టాపు పక్క ఇల్లు తాళం తీయించండి. ఎవరికైనా అద్దెకివ్వండి, కట్టగలిగే అద్దెకి. పొద్దున్నే లేచేవాళ్ళకి. వీధికి భద్రత కావాలంటే వీధిలో మనుషులుండాలి కదండీ. దీపాలు తర్వాత వేసుకుందురుగాని."

నమస్కారం పెట్టి వచ్చి కూర్చుంది. ఆమె చేతులు నా చేతిలోకి తీసుకున్నాను. ఈ మనిషి పక్క గదిలో ఉంటుంది. ఈ మనిషి చేతి అన్నం తింటున్నాను.

ఏప్రిల్ 2, గురువారం

ఇవాళ నాలుగింటికి లేచాను. తాతయ్య కిటికీ దగ్గర ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన దగ్గాడు.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఓటు అయింది. ఏడుగురు ఇటు, ఐదుగురు అటు. ఏడు మాది.

పడగొట్టరు. అద్దె ఐదేళ్ళ దాకా పెంచరు. మెట్లు బాగుచేస్తారు. పెద్దాయనకి లిఫ్టున్న ఇల్లు ఆస్పత్రి వెనకాలే ఇస్తారు. బస్టాపు పక్క ఇల్లు కౌన్సిల్ తీసుకుని అద్దెకిస్తుంది.

టైలరు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. అమ్మకి చెప్తే, "పెద్దాయన గది ఎవరికిస్తారో, వాళ్ళకి కిటికీల సంగతి చెప్పాలి" అంది. పడుకుంది. రేపు ఆమెకి డ్యూటీ.

మేస్త్రీ మాత్రం టవరు వాళ్ళ మీద జాలిపడుతున్నాడు. "పాపం, ఫౌంటెన్ పోయింది" అన్నాడు.

ఏప్రిల్ 26, ఆదివారం

బస్టాపు పక్క ఇంట్లోకి మనుషులు దిగారు. తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక మంచం, గిన్నెల బస్తా. ఎక్కడో వంతెన పని కోసం వాళ్ళ వీధిని ఎత్తేస్తే ఇటొచ్చారు. మార్కెట్లో చేపలు శుభ్రం చేసే పని. మూడింటికే లేచే అలవాటట, ఇక్కణ్ణుంచి మార్కెట్ దగ్గర కాబట్టి ఐదింటికి బయల్దేరితే చాలట.

చెప్పాల్సిన పని నా మీద పెట్టారు. ఖాళీ చేసి పోయినవాళ్ళు చెప్పలేదు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. నమ్మించాలి కదా. కొత్త మనిషి, ఎందుకు చెయ్యాలి, నాకేంటి అంటే ఏం చెప్పాలి.

కిటికీ తెరుచుకోవడం లేదు. ఖాళీ చేయించినప్పుడు అంచుల చుట్టూ సిలికాన్ వేసి మూసేశారు. నేను రోజూ వేసే రకమే. జేబులోంచి బ్లేడు తీసి కోయడం మొదలుపెట్టాను. ఆమె పిల్లని చంకనేసుకుని నిలబడి చూస్తోంది.

"అక్కా, ఈ కిటికీ..." అన్నాను. "ఇక్కడ పొద్దున్నే నాలుగున్నరకి మా అమ్మా వాళ్ళూ..." ఆగిపోయాను. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "మీరేం ఇబ్బంది పడొద్దు. ఒక్క నిమిషం పని. ఇప్పటిదాకా పదిమంది..."

ఆమె వింటూ వింటూ చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుంది.

"నాలుగున్నరకా?" అంది. "మా దగ్గర మూడుంపావుకి. మా వీధిలో కరెంటు ఉండేది కాదు, గరిటెతో గిన్నె మీద కొట్టేవాళ్ళం. కాలవ అవతల వీధివాళ్ళు ఈల వేసేవాళ్ళు."

నేను చివరి అంచు కూడా కోసేశాను.

ఆమె నన్ను పక్కకి జరగమని, రెండు చేతులతో కిటికీని బలంగా తోసింది. తెరుచుకుంది. తల బయట పెట్టి వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తర్వాత నావైపు తిరిగి, అద్దెకి దిగినవాళ్ళు నీళ్ళ టైము అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇక్కడ ఎలా తమ్ముడూ, దీపమా, గొంతా?"